సంఘపు వెబ్‌సైటునకు గుణపరీక్ష

గ్రామములలోని సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలును ఇటీవల వెబ్‌సైట్లు పెట్టుకొనుటకు త్వరపడుచున్నవి. పొరుగు సంఘమునకున్నది గనుక మనకును ఉండవలెననుట ఒక కారణము. ఏదో పథకపు దరఖాస్తులో ఆ గడి నింపవలసివచ్చుట మరియొక కారణము. పెట్టుకొనుట తప్పని నేననను. కాని పెట్టిన పిమ్మట అది సభ్యునకు పనికివచ్చుచున్నదా లేదా యని విచారించిన సంఘమును నేనింతవరకు ఒక్కదానినైనను చూడలేదు. తూకపు రాళ్లకు ముద్ర వేయించుచున్నాము. విత్తనములకు మొలక చూచుచున్నాము. ఎరువు బస్తా మీది అంకెలు చదివి మరీ కొనుచున్నాము. వెబ్‌సైటునకు మాత్రము ప్రారంభోత్సవము చేసి, ఫొటో తీయించుకొని, ఇండ్లకు పోవుచున్నాము.

నాకు బాగుగా తెలిసిన యొక పసుపు రైతు సంగతి చెప్పెదను. ఆయన ఎకరము పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టించి ముప్పది బస్తాలు సిద్ధము చేసికొనెను. బేరగాడు ఇంటికి వచ్చి ఒక ధర చెప్పెను. ఇంతలో కుమారుడు ఫోనులో, తండ్రి వాటాదారుగా నున్న రైతుల కంపెనీ వెబ్‌సైటు చూచి, అక్కడ క్వింటాలునకు ఎనిమిది వందల రూపాయలు హెచ్చుగా నున్నదని చెప్పెను. బేరగానిని పంపివేసి, బండి కిరాయికి మాట్లాడుకొని, తెల్లవారుజామున సరకు ఎత్తించి, మిట్టమధ్యాహ్నమునకు కంపెనీ గోదాము చేరిరి. తీరా చూడగా ఆ ధర రెండు మాసముల నాటిది. తేది యెక్కడను వేయలేదు. ముందుగా అడుగుదమని ఇంటినుండి ప్రయత్నించిన ఫోను నంబరు, ఉద్యోగము మానుకొని పోయిన గుమాస్తాది. మేనేజరు చెప్పిన మాట నాకు మరపురాదు: "వెబ్‌సైటు చూచి వచ్చితిరా? దాని నెవరు నమ్ముదురండీ!" సరకు తిరిగి ఇల్లు చేరినది. వారము దినములకు అదే బేరగానికి, మొదట చెప్పినదానికంటె తక్కువకే ఇచ్చివేసిరి.

రెండు కిరాయిలును, దింపుడు ఎత్తుడు కూలియు కలిపి లెక్కవేసినను ఆ నష్టము మరీ పెద్దది కాదు. పెద్ద నష్టము వేరొకటి జరిగినది. మరుసటి యేడు ఆ కంపెనీ నిజముగానే మంచి ధర ఇచ్చెను. ఫోనుచేసి చెప్పిరి కూడ. ఆయన కదలలేదు. వాటాధనము కంటె విలువైన దేదో ఆ కంపెనీ చేతినుండి జారిపోయినది. దానికి మూలము ఒక తేది వేయకపోవుట.

ఇట్టి సంస్థలు మన దేశమున వేలకొలది గలవు. కంపెనీల చట్టమును 2002లో సవరించి, పదిమంది ఉత్పత్తిదారులు కలిసినచో తమకొక కంపెనీ నేర్పరచుకొనవచ్చునని అనుమతించిరి. 2020లో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల నేర్పరచుటకు రు. 6,865 కోట్లతో కేంద్ర ప్రభుత్వమువారు పథకము ప్రారంభించిరి. 2022లో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికెక్కించుటకు రు. 2,516 కోట్లు మంజూరు చేసిరి. వ్యాపారపు కొలతలో చూచినచో మనవన్నియు చిన్నవే. 2025 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న నిర్వచనము ననుసరించి, యంత్రసామగ్రి మీది పెట్టుబడి రు. 25 కోట్లును, సాలుసరి అమ్మకము రు. 100 కోట్లును మించనిది చిన్న పరిశ్రమ; రు. 125 కోట్లును, రు. 500 కోట్లును మించనిది మధ్యతరహా పరిశ్రమ. మన సంఘములలో పెక్కు దీనికిని చాల క్రింది మెట్టుననే యుండును. పెద్ద కంపెనీకి ఈ పనికై ప్రత్యేకముగా ఒక శాఖయే యుండును. మనకున్నది ఒక కార్యదర్శి, ఒక గుమాస్తా. వారికే ఎరువుల అమ్మకము, వారికే అప్పుల వసూలు, వారికే ఈ వెబ్‌సైటు. కాబట్టి పెద్దవారి పద్ధతులు మనకు యథాతథముగా అతకవు.

వెబ్‌సైటు మంచిచెడ్డలు ఎట్లు కొలువవలెనన్న విషయమై పండితులు చాలకాలమునుండి పరిశోధించుచున్నారు. 1988లో అమెరికా దేశమున పరశురామన్, జెయిథామల్, బెర్రీ యను ముగ్గురు, బ్యాంకులు మొదలగువాని సేవ ఎంత మేలైనదో తెలిసికొనుటకు 22 అంశములతో నొక ప్రశ్నావళి కూర్చిరి. 1992లో డిలోన్, మెక్లీన్ అనువారు కంప్యూటరు వ్యవస్థ సఫలమగుట యన నేమో విచారించుచు, యంత్రము సరిగా నడచుట వేరు, అందలి సమాచారము సరియైన దగుట వేరు అని విడదీసి చూపిరి. 2003లో దానికి సేవాగుణమును కూడ చేర్చిరి. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమునకు చెందిన బార్నెస్, విడ్జెన్ అను వారు వెబ్‌సైట్లకే ప్రత్యేకముగా నొక కొలమానము తయారుచేసి, మొదట వాణిజ్య విద్యాశాలల వెబ్‌సైట్లను, పిదప పుస్తకములమ్ము వెబ్‌సైట్లను దానితో పరీక్షించిరి. 2005లో పరశురామన్, జెయిథామల్ గార్లే మల్హోత్రాతో కలిసి, పని సులువుగా జరుగుట, చెప్పిన మాట నిలుపుకొనుట, అడిగినప్పుడు వెబ్‌సైటు తెరచియుండుట, వాడువాని గుట్టు కాపాడుట అను నాలుగు తలకట్ల క్రింద మరల 22 అంశములను కూర్చిరి.

ఈ నాలుగింటిలో రెండవది మన రైతు కథకు సరిగ్గా అతుకుచున్నది. ఆ కంపెనీ వెబ్‌సైటు చూచుటకు చక్కగానే యుండెను; తొందరగానే తెరచుకొనెను; చెప్పిన మాట మాత్రము నిలువలేదు. డిలోన్ గారి మాటలో చెప్పవలెనన్న, యంత్రము మంచిది, సమాచారము చెడ్డది. గుత్తేదారునకు మనము డబ్బిచ్చునది మొదటిదానికి. రెండవదానిని ఎంత డబ్బిచ్చినను అతడు తేలేడు. అది మన గుమాస్తా ప్రతిదినము ఉదయము చేయవలసిన పని.

పండితుల పరిశోధనలపై నాకు గౌరవమున్నను ఒక ఆక్షేపణ గలదు. ఇట్టి పరీక్షలలో చాలవరకు ప్రశ్నలు అడిగినది విద్యార్థులను, పట్టణవాసులను, వెబ్‌సైటులో పని ముగించుకొనినవారిని. నడుమ తికమకపడి, ఏమియు తోచక ఫోను మూసి జేబులో వేసికొనినవాడు ప్రశ్నావళివరకు రానే రాడు. ఆ యేటి వరదకు పడవ మునిగినవారిని విడిచి, ఒడ్డు చేరినవారిని మాత్రము పడవ యెట్లున్నదని అడిగినట్లుండును. మన సభ్యులలో ఇట్లు నడుమ ఆగిపోవువారే హెచ్చు. వారి కష్టము తెలియవలెనన్న కాగితపు ప్రశ్నలు చాలవు. వారి ప్రక్కన కూర్చుండి చూడవలెను.

అట్లు చూచు పద్ధతి యొకటి ఉన్నది. అది మనవంటి చిన్న సంస్థలకే కుదిరినది. దానికి ఖర్చు టీ నీళ్ల ఖర్చే. జేకబ్ నీల్సన్ అను డెన్మార్కు దేశీయుడు, లాండవర్ అను మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి 1993లో గణించి చెప్పినదేమనగా, ఒక్కొక్క మనుష్యుడు వాడి చూచినప్పుడు సగటున నూటికి 31 లోపములు బయటపడుననియు, రెండవవాడు చూపువానిలో కొన్ని మొదటివాడు చూపినవే యగుననియు, ఐదుగురితోనే నూటికి 85 వరకు తెలియుననియు. దీనికి ఎదురుమాటయు గలదు. 2001లో స్పూల్, ష్రోడర్ అనువారు సరకులమ్ము పెద్ద వెబ్‌సైట్లను పరీక్షించి, ఐదుగురివలన నూటికి 35 లోపములే బయటపడినవని చూపిరి. పెద్ద అంగడికి అట్లే కావచ్చును. మన వెబ్‌సైటులో ఉండునవి ఏడెనిమిది పుటలు. ఐదుగురు చూచి చెప్పినది సవరించి, మూడు మాసములకు మరి యైదుగురికి చూపినచో తప్పేమియు రాదు.

ఆ ఐదుగురినెన్నుకొనుటలోనే పరీక్ష సగము గలదు. కార్యదర్శి మేనల్లుని, కాలేజీలో చదువు కుర్రవానిని పిలిచి చూపినచో అంతయు బాగున్నదనియే చెప్పును. నా మట్టుకు నేను ఈ విధముగా ఎన్నుకొందును: చూపు తగ్గిన యొక పెద్దాయన, భర్త పోయిన పిదప పాసుపుస్తకము తన పేరికి మార్చుకొని సేద్యము సాగించుచున్న యొక యాడుకూతురు, ఒక కౌలురైతు, తెలుగు తప్ప వేరు చదువు రానివారొకరు, ఇదివరకెన్నడును సంఘపు వెబ్‌సైటు చూడనివారొకరు. వారిని ఆఫీసులో పంకా క్రింద కూర్చుండబెట్టి, ఆఫీసు కంప్యూటరు చేతికీయరాదు. వారి ఫోను వారి చేతనుండవలెను. సిగ్నలు అంతంత మాత్రముగా నుండు పొలము గట్టుననో, రచ్చబండ మీదనో చూపవలెను. మన వెబ్‌సైటు వాడబడునది అచ్చటనే గదా.

పనులు కూడ నిజమైనవి కావలెను. ఈ దినము పసుపు ధర యెంత? గోదాములో యూరియా ఉన్నదా, ఎన్ని బస్తాలు? నా పంట అప్పు వాయిదా ఏ తేది? నా వాటామీద పోయిన సంవత్సరము డివిడెండు పంచిరా? తూకములో తేడా వచ్చినచో ఎవరికి చెప్పుకొనవలెను? ఒక్కొక్క పని చెప్పి, గడియారము చూచి, ఊరకుండవలెను. ఈ ఊరకుండుటయే కార్యదర్శులకు మిక్కిలి కష్టమైన పని. "అదిగో, ఆ ప్రక్కన నొక్కండి" అని నోటిచివరకు వచ్చును. నోరు మెదపరాదు. వ్రేలు ఎక్కడ ఆగినది, ఏ మాట చదివి ముఖము చిట్లించిరి, ఎన్ని నిమిషములకు వదలివేసిరి, ఇవి మాత్రము వ్రాసికొనవలెను. "నాకే తెలియదులే బాబూ, నేను చదువుకోలేదు" అని వారన్నచో, అది వెబ్‌సైటు లోపముగా పద్దు వేయవలెను గాని వారి లోపముగా కాదు.

నేనొక సంఘమున ఇట్లు చూచునప్పుడు తెలిసిన దొకటి చెప్పెదను. ధరల పుట తెరచుటకే చాలసేపు పట్టుచుండెను. నీల్సన్ గారే మరియొకచోట, పది సెకండ్లు దాటినచో మనుష్యుని మనస్సు వేరొకదానిమీదికి పోవునని వ్రాసియున్నారు. ఇక్కడ ఒక పెద్దాయన చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగువరకు తెర తెల్లగనే యుండెను. కారణమేమని విచారింపగా, పై భాగమున వార్షికోత్సవపు ఫొటోలు ఆరు, ఫోనుతో తీసినవి తీసినట్లే, ఏ మాత్రము తగ్గింపక ఎక్కించిరి. దండలు వేసికొనిన పెద్దలందరును దిగిన తరువాతగాని పసుపు ధర దిగదు! ఫొటోలను వేరొక పుటకు మార్చుటకు గుత్తేదారుకు అరగంట పట్టినది. పాలకవర్గమును ఒప్పించుటకు రెండు సమావేశములు పట్టినవి.

అందమునుబట్టి నమ్ముట మనుష్యస్వభావమే. 2002లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2,684 మందిని విచారింపగా, ఒక వెబ్‌సైటును నమ్మవచ్చునా కూడదా యని చెప్పుటలో రమారమి సగముమంది దాని రూపమునే ప్రస్తావించిరి. అందుచేతనే మోసగాండ్రు కూడ రూపము చక్కగా దిద్దుదురు. ఎరువుల డీలరుషిప్పు ఇప్పింతుమని, సబ్సిడీ ట్రాక్టరు ఇప్పింతుమని ముందుగా సొమ్ము గుంజు వెబ్‌సైట్లు మన దానికంటె అందముగానే యుండును. మన వెబ్‌సైటునకు వానికిని భేదము తెలియజేయునది తేది వేసిన ధర, పలుకు ఫోను నంబరు, సంఘము రిజిష్టరు నంబరు, పాలకవర్గ సభ్యుల పేరులు, ఆడిటు అయిన లెక్కలు. ఇవి యున్నచో రంగులు కొంచెము తగ్గినను బాధలేదు.

తెలుగు సంగతి వేరుగా చెప్పవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగు లిపికి స్థానము కలిగినది. ఏ ఫోనులో చూచినను తెలుగు తెలుగుగనే కనబడుటకు అదియే ఆధారము. అయినను నేటికిని కొన్ని సంఘములవారు తెలుగులో టైపు కొట్టించిన కాగితమును ఫొటో తీసి, ఆ బొమ్మనే వెబ్‌సైటులో నతికించుచున్నారు. బొమ్మలోని యక్షరములను వెదకిన దొరకవు. పెద్దవి చేసినచో మసకబారును. చూపులేనివారికి ఫోను చదివి వినిపింపజాలదు. కేంద్ర ప్రభుత్వమువారు తమ కార్యాలయముల వెబ్‌సైట్లు అందరికిని అందుబాటులోనుండవలెనని 2009లో మార్గదర్శక సూత్రములు ప్రకటించి, 2018లోను, 2023లోను వానిని సవరించిరి. మన కవి విధాయకములు కాకపోవచ్చును గాని, చదువదగినవి. మరియొక మాట: "సేవలు", "ఉత్పత్తులు", "మా దృక్పథము" అను తలకట్లు ఏ రైతునకును అర్థము కావు. "ఈనాటి ధర", "ఎరువులు విత్తనములు", "అప్పు వాయిదాలు" అని వ్రాసినచో ఒకరిని అడుగనక్కరలేదు.

ఇక యాజమాన్యము. వెబ్‌సైటు పేరు సాలుసరి రుసుము చెల్లించి నిలుపుకొనవలసినది. చాలచోట్ల గుత్తేదారు దానిని తన పేరిటనే రిజిష్టరు చేయించుకొనును. అతనితో మాట పట్టింపు వచ్చిననాడు, లేక అతడే ఊరు విడిచిపోయిననాడు, సంఘపు పేరు సంఘమునకు దక్కదు. గడువు తీరిన పిదప వేరొకరు కొనుక్కొనిన, మన పేరు మీద వారేమైన అమ్ముకొనవచ్చును. గోదాము తాళపుచెవి హమాలీ మేస్త్రికి ఇచ్చి రసీదు తీసికొనని సంఘమున్నదా? పేరు సంఘపు పేరిటనే యుండవలెను. రహస్యపదము మినిట్సు పుస్తకముతోపాటు పెట్టెలో నుండవలెను. గడువు తేది గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో వ్రాసియుండవలెను. సహకార సంఘములకు మాత్రమే ఇచ్చు డాట్ కోఆప్ అను చివరిపేరు కూడ గలదు, కోరినవారు తీసికొనవచ్చును.

ఒక సంఘమువారు బకాయిదారుల పట్టికను, ఆధారు అంకెలతోను ఫోను నంబర్లతోను సహా వెబ్‌సైటులో పెట్టియుండుట చూచి నేను దిగులుపడితిని. నోటీసుబోర్డు మీద వేసినది ఊరివారు చూతురు; ఇది లోకమంతయు చూచును, దొంగలతో సహా. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో చట్టమే చేయబడినది. అప్పు వసూలు కావలయును, నిజమే. అందులకు ఇల్లాండ్ర ఫోను నంబర్లు బజారున పెట్టనక్కరలేదు.

"ఇంత శ్రమ యెందులకు? వాట్సాపులో ధర పెట్టినచో చాలదా?" యని అడుగువారున్నారు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. ప్రతిదినము ధర వేయు ఓపికలేని సంఘము వెబ్‌సైటులో ధరల పుట పెట్టకుండుటయే మేలు. గోదాము తలుపుమీద సుద్దముక్కతో వ్రాసినను చాలును. కాని ధర తెలియుటలోని లాభమును తక్కువగా చూడరాదు. 1997 మొదలు 2001 వరకు కేరళ తీరమున సెల్‌ఫోనులు వచ్చినప్పుడు, సముద్రమునుండియే ఏ రేవున ఏ ధరయో తెలిసికొని పడవ నడిపిన జాలరులకు లాభము నూటికి 8 వంతులు పెరిగెననియు, కొనువారికి చేప ధర నూటికి 4 వంతులు తగ్గెననియు రాబర్టు జెన్సెన్ 2007లో ప్రకటించిన పరిశోధనలో చూపెను. మధ్యప్రదేశమున ఐ.టి.సి. వారు 2000 నుండి గ్రామములలో కంప్యూటర్లు పెట్టి సోయాబీను ధర తెలుపుచుండగా, ఆ జిల్లాల మండీలలో ధర నూటికి 1 నుండి 3 వంతులవరకు పెరిగినట్లు అపర్ణా గోయల్ 2010లో చూపెను. గమనింపవలసిన దేమనగా, కంప్యూటరు చూడక మండీకే పోయిన రైతునకు కూడ ఆ లాభము కలిగినది. రైతునకు వేరొక దారి గలదని వర్తకునకు తెలియుటయే చాలినది. అక్కడ చూపిన ధర ఆనాటి నిజమైన ధర. ఆ ధరకు కొనువాడు అక్కడనే యున్నాడు. మన బంధువుల వంటివారికి చూపినది రెండు మాసముల నాటి ధర. యంత్రము రెండుచోట్లను ఒకటియే.

వాట్సాపులో పెట్టినది మరునాటికి పెండ్లి ఫొటోల క్రింద మరుగునపడును. ఆ గుంపులో లేని కౌలుదారునకు చేరనే చేరదు. వెబ్‌సైటులోని ధర తేదీలవారీగా నిలిచియుండును గనుక, ఏ దినమున ఏ ధరకు కొంటిరి, యార్డులో ఆనాడు ఎంత పలికినది, అని మహాజనసభలో అడుగుటకు సభ్యునకు వీలగును. కొందరు పాలకవర్గములవారికి ఇదియే ఇష్టము లేకపోవుటయు కలదు.

మా సంఘమున వచ్చే మహాజనసభకు నేను మూడు తీర్మానములు వ్రాసియిచ్చితిని. ధర వేసినచోట తేదియు గంటయు లేనిచో ఆ ధర తీసివేయవలెననునది మొదటిది. వెబ్‌సైటు పేరు ఆరు వారములలో గుత్తేదారునుండి సంఘపు పేరికి మార్పించవలెననునది రెండవది. ప్రతి మూడు మాసములకు ఐదుగురు సభ్యులచేత, కార్యదర్శి బంధువులు కానివారిచేత, పైన చెప్పినట్లు పరీక్ష చేయించి, ఎవరెవరు ఏ పనిలో ఆగిపోయినది మినిట్సులో వ్రాయవలెననునది మూడవది. మొదటి రెండింటికి అధ్యక్షులవారు సమ్మతించిరి. మూడవది "తరువాత చూతము" అనిరి. ఆ ఐదుగురిలో మొదటివానిగా పసుపు రైతునే పిలువవలెనని నా కోరిక. వచ్చుటకు ఆయన ఇంకను ఒప్పుకొనలేదు.